దాచడమా, మెల్లగా చెప్పడమా?

ఇంట్లో పెద్దవారికి క్యాన్సర్ ముదిరిందని తెలిసినప్పుడు మన ముందు రెండు దారులుంటాయి: "నాన్నగారికి మాత్రం చెప్పకండి డాక్టరుగారూ" అని వేడుకోవడం ఒకటి, ఆయనకు ఎంత తెలుసో, ఇంకెంత తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు అడిగి, ఆ మేరకు నిజం చెప్పడం రెండోది.

మొదటిది ప్రేమలోంచే పుడుతుంది కనుక దాన్ని నిందించడానికి నాకు మనసొప్పదు. కానీ కీమో వార్డులో పక్క మంచాలను రోజూ చూస్తున్న మనిషికి ఏమీ తెలియదనుకోవడం మన భ్రమ. కోడలు బయటికి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వస్తుంది. కొంగుతో సరిగా తుడుచుకోని ఆ తడిని ఆయన గమనిస్తారు, కానీ ఏమీ అడగరు. పొలం కాగితాల సంగతి, చెల్లెలిని ఒక్కసారి చూడాలన్న కోరిక, ఆఖరి రోజులు ఇంట్లోనే గడపాలన్న మాట గొంతులోనే ఉండిపోతాయి.

రెండో దారిలో వైద్యుడు కూర్చుని మాట్లాడాలి, మధ్యలో వచ్చే మౌనాన్ని భరించాలి. "ఇక చేసేదేమీ లేదు" అన్న మాట అక్కడ అబద్ధమే, ఎందుకంటే నొప్పికి మార్ఫిన్ ఉంది, ఆయాసానికీ ఉపశమనం ఉంది. 2010లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో తొలినుంచే ఉపశమన సంరక్షణ (నొప్పి, ఆయాసం వంటి బాధలను తగ్గించే వైద్యం) కూడా అందినవారి జీవన నాణ్యత మెరుగ్గా ఉంది. వారి మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 11.6 నెలలు కాగా, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిది 8.9 నెలలు.

అందుకే నేను రెండో దారినే ఎంచుకుంటాను. అయితే "నాకేమీ చెప్పొద్దు, అబ్బాయితో మాట్లాడండి" అని రోగే కోరితే, ఆ కోరికనూ అంతే గౌరవించాలి.