‘అర్తిస్త్కా’: ఆనా బిలిన్స్కాను మళ్లీ చూపించిన ప్రదర్శన

పోలండ్ రాజధాని వార్సాలోని జాతీయ మ్యూజియం 2021 వేసవిలో ప్రారంభించి అక్టోబరు దాకా నడిపిన ఆనా బిలిన్స్కా చిత్రాల ప్రదర్శనకు ‘అర్తిస్త్కా’ అని పేరు పెట్టింది. పోలిష్ భాషలో అది మన ‘కళాకారిణి’ వంటి స్త్రీలింగ పదం. పారిస్‌లో పతకాలు అందుకున్న ఈ చిత్రకారిణి 1893లో ముప్పై ఎనిమిదేళ్లకే కన్నుమూశాక, ఒకటి రెండు స్వీయచిత్రాలు మినహా ఆమె కృషి చాలావరకు మరుగున పడింది. నూనె రంగుల చిత్రాలు, పేస్టెల్లు (రంగు సుద్దలతో వేసినవి), నీటి రంగులు, డ్రాయింగులు ఒకేచోట చూసినప్పుడు ఆమె స్థాయి ఏమిటో స్పష్టంగా తెలిసింది.

1854లో, నేటి ఉక్రెయిన్‌లోని జ్వోటోపోల్‌లో ఆమె జన్మించారు. వార్సాలో చిత్రకారుడు వోయ్‌చెక్ గెర్సన్ వద్ద నేర్చుకుని 1882లో పారిస్ వెళ్లేనాటికి అక్కడి ప్రభుత్వ చిత్రకళా పాఠశాల తలుపులు స్త్రీలకు మూసే ఉన్నాయి. అవి తెరుచుకోవడానికి 1897 దాకా పట్టింది. అందుకే ఆమె పురుషులకంటే ఎక్కువ రుసుము కట్టి అకాడెమీ జూలియాన్ అనే ప్రైవేటు చిత్రకళా పాఠశాలలో చేరారు. 1880ల మధ్యలో కొద్ది కాలంలోనే తండ్రిని, కాబోయే భర్తను, ఆప్తమిత్రురాలిని పోగొట్టుకున్నారు. ఈ దుఃఖం గురించి చెప్పి జాలి కలిగించడం సులువే. అయితే ఆ చిత్రాల ముందు నిలబడినప్పుడు నాకు కలిగింది జాలి కాదు, గౌరవం.

1887 నాటి స్వీయచిత్రం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మోడల్ కూర్చోవలసిన కుర్చీలో, మోడల్ వెనుక వేలాడదీసే బట్ట ముందు, నల్లని దుస్తులపై పనిలో కట్టుకునే ఏప్రన్‌తో, ప్యాలెట్టూ కుంచెలూ పట్టుకుని ఆమె తానే కూర్చున్నారు. జుట్టు చెదిరి ఉంది. అలంకరణ లేదు, చిరునవ్వు లేదు; పని మధ్యలో తలెత్తిన మనిషి చూపు మాత్రం ఉంది. ఆమెకు పారిస్‌లో పేరు తెచ్చిన ఈ చిత్రం పోలండ్‌లోనే ఉన్న క్రాకోవ్ నగరపు జాతీయ మ్యూజియంలోనిది.

చేతిలో విసనకర్ర పట్టుకున్న నల్లజాతి యువతి చిత్రం 1884 నాటిది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వార్సా నుంచి మాయమై, బెర్లిన్‌లో వేలానికి వచ్చి, 2012లో తిరిగి చేరింది. ఒంటి రంగులో వెచ్చని గోధుమ రంగులు, చల్లని నీడలు ఒకదానిలో ఒకటి కరిగిపోయే తీరు చూస్తే, విద్యార్థి దశలోనే ఆమె చేయి ఎంత స్థిరపడిందో అర్థమవుతుంది. ఆ మోడల్ పేరు చిత్రం పేరులో లేకపోవడం మాత్రం మనసును కలచివేసింది.

అన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని చెప్పలేను. ఇతరుల కోరికపై వేసిన కొన్ని రూపచిత్రాలలో వస్త్రం మెరిసినంతగా మనిషి కనిపించరు. కానీ 1890లో బెర్లిన్‌లోని ఉంటర్ డెన్ లిండెన్ వీధిని పైనుంచి చూసి వేసిన చిత్రంలో ఆ బిగువు సడలి, కుంచె స్వేచ్ఛగా కదిలింది. అటువైపు ఆమె ఇంకొంత దూరం వెళ్లి ఉంటే బాగుండేదనిపించింది.

1892లో వైద్యుడైన ఆంతోనీ బొహ్దనోవిచ్‌ను వివాహమాడి వార్సాకు తిరిగి వచ్చి, స్త్రీల కోసం చిత్రకళా పాఠశాల తెరవాలనుకున్నారు. గుండె జబ్బు ఆ అవకాశం ఇవ్వలేదు. ఆ ఏడాదే మొదలుపెట్టిన స్వీయచిత్రంలో ముఖం దాదాపు పూర్తయింది, దుస్తులు మాత్రం కొన్ని కుంచె గీతల దగ్గరే ఆగిపోయాయి. అది వార్సా మ్యూజియం సొంత చిత్రం. ప్రదర్శన ముగిసినా, వార్సా వెళ్లే తెలుగువారు దాన్ని వెతికి చూడాలని కోరుతున్నాను.