హైదరాబాద్‌లో ఇల్లు కొండాపూర్‌లో ఖరీదైనదా, బాచుపల్లిలో పెద్దదా, ఉప్పల్‌లో పాతదా: ఏది మేలు?

ఈ ఏడాది మా బంధువుల్లో ముగ్గురు నన్ను ఇదే అడిగారు. ఆఖరున అడిగింది మా చిన్నమ్మ కొడుకు. ఖమ్మంలో ఉంటాడు. పెళ్లయి ఏడాదయింది. వచ్చే నెల మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరాలి. "అక్కా, ఆఫీసు పక్కన చిన్నది తీసుకోనా, దూరంగా పెద్దది తీసుకోనా? నువ్వు రెండూ చూసినదానివి కదా" అన్నాడు.

నేను మూడు చూశాను. కొండాపూర్‌లో ఏడాది అద్దెకున్నాం. పాప పుట్టాక ఇల్లు చాలక బాచుపల్లి వెళ్లి నాలుగేళ్లు అద్దెకున్నాం. ఇప్పుడు ఏడాదిన్నరగా ఉప్పల్‌లో, సొంత ఫ్లాటులో. ఇన్నేళ్లలో నా ఆఫీసు మాత్రం కదల్లేదు, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కు ఐదారు నిమిషాల నడక. మా ఆయన ఆఫీసు తార్నాకలో. కొండాపూర్‌లో ఉన్నప్పుడు ఆయన రోజూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వచ్చేవాడు. ఇల్లు నా ఆఫీసును చూసి తీసుకున్నాం మరి. ఆయన ప్రయాణాన్ని అప్పట్లో ఎవరూ లెక్కలో వేయలేదు, ఆయనతో సహా.

ముందు ధరలు. మేము కొందామని తిరిగినప్పుడు 1100 చదరపు అడుగులకు అటూఇటూ ఉన్న డబుల్ బెడ్‌రూమ్‌కు కొండాపూర్‌లో కోటి చెప్పారు, అదీ పదేళ్ల పాతదానికి. బాచుపల్లిలో ఇంకాస్త పెద్దది, కొత్తది 70 లక్షలు. ఉప్పల్‌లో పన్నెండేళ్ల పాతది 60 లోపు. కోకాపేట, నార్సింగి వైపు మేము తొంగి కూడా చూడలేదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత పోసి కొన్న నేల మీద మనలాంటి వాళ్ల కోసం చిన్న ఫ్లాట్లు ఎవరు కడతారు?

కొండాపూర్‌కూ ఉప్పల్‌కూ తేడా 40 లక్షలు. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల లోన్ అంటే నెలకు సుమారు 34,700 ఈఎంఐ. కొండాపూర్ నుంచి నా ఆఫీసుకు 20 నిమిషాలు, ఉప్పల్ నుంచి గడప దాటి సీట్లో కూర్చునేదాకా 75 నిమిషాలు. రోజుకు రానుపోను 110 నిమిషాల తేడా. నెలకు 22 రోజులు వేసుకుంటే 40 గంటలు. అంటే కొండాపూర్‌లో కొనేవాళ్లు గంటకు 860 రూపాయలు పెట్టి టైము కొంటున్నట్టు. భార్యాభర్తలిద్దరి ఆఫీసులూ అక్కడే అయితే అది 430కి దిగుతుంది, అప్పుడు నేనైనా ఆలోచిస్తాను. వారానికి మూడు రోజులే ఆఫీసు ఉన్నవాళ్లకు 1,400 దాటుతుంది. మా తమ్ముడిది మూడు రోజుల ఆఫీసే. ఈ లెక్క చెప్పాక ఫోన్లో కాసేపు మాట లేదు.

ఈఎంఐ ఖర్చు కింద రాదు, ఆస్తి కింద వస్తుంది కదా అనొచ్చు. కొంతవరకు నిజమే. కానీ ఫ్లాటులో ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరిగేది మన వాటాకు వచ్చే భూమికి, అదే యూడీఎస్‌కు. అంతస్తుల మీద అంతస్తులు వేసిన చోట అది ఎన్ని గజాలు వస్తుందో అడిగి చూడండి. అడిగితే సేల్స్ అబ్బాయి క్లబ్‌హౌస్ చూపిస్తాడు.

డబ్బు సంగతి ఇంతవరకు ఎవరైనా వేసే లెక్కే. బాచుపల్లి దగ్గరే నాకు అసలు విషయం తెలిసొచ్చింది.

బాచుపల్లి నుంచి నా ఆఫీసు 14 కిలోమీటర్లు. కారులో మంచి రోజు 40 నిమిషాలు. మామూలు రోజు గంట. సగటు తీస్తే ఉప్పల్ కన్నా బాచుపల్లే పావుగంట దగ్గర. కాగితం మీద చూసిన వాళ్లెవరైనా బాచుపల్లే తీసుకుంటారు, మేమూ అందుకే తీసుకున్నాం. కానీ ఆ సగటులో నేను ఏ రోజూ బతకలేదు. జేఎన్‌టీయూ కూడలిలో ఒక బస్సు ఆగిపోతే గంటన్నర. సాయంత్రం ఐదున్నరకు వాన పట్టుకుంటే ఇక చెప్పేదేముంది. ఒక జూలైలో ఆ 14 కిలోమీటర్లకు నాకు మూడు గంటల పది నిమిషాలు పట్టింది. పాపను చూసుకునే ఆమె ఎనిమిదింటికి వెళ్లిపోవాలి. పక్క ఫ్లాట్ అత్తయ్యగారికి ఫోన్ చేసి "కాస్త ఉంచుకోండి" అని బతిమాలడం ఆ ఏడాది ఎన్నిసార్లో.

సంగతేమిటంటే, ఈరోజు గంట పడుతుందో గంటన్నర పడుతుందో పొద్దున్నే తెలియదు. తొమ్మిదిన్నరకు మీటింగ్ ఉంటే ఎనిమిదికే బయల్దేరాలి. రోడ్డు ఖాళీగా ఉంటే ముక్కాలు గంట ముందే చేరి, ఎవరూ లేని ఆఫీసులో టీ తాగుతూ కూర్చోవాలి. గంట ప్రయాణం అని చెప్పుకుంటున్నా రోజులోంచి తీసి పక్కన పెడుతున్నది గంటన్నర. సాయంత్రం అయితే పక్కన పెట్టడానికి కూడా కుదరదు, టెన్షన్ పడటమే. అందుకే నేను మామూలు రోజును చూడటం మానేశాను. పది రోజుల్లో అన్నిటికన్నా చెడ్డ రోజు ఎంతసేపు పట్టిందో, అదే ఆ ఇంటికీ ఆఫీసుకూ అసలు దూరం అనుకుంటాను.

ఉప్పల్ లెక్క ఇలా ఉంటుంది. స్టేషన్‌కు 12 నిమిషాల నడక, నాలుగైదు నిమిషాలు ఎదురుచూపు, రైల్లో 50 నిమిషాలు, అటు దిగి మళ్లీ కొంచెం నడక. మంచి రోజు 70, చెడ్డ రోజు 85. వాన పడినా, కింద రోడ్డు మీద ఊరేగింపు పోతున్నా అంతే. ఏడాదిన్నరలో రైలు మధ్యలో ఆగి ఇబ్బంది పడింది రెండుసార్లు. తొమ్మిదిన్నర మీటింగ్‌కు ఎనిమిదికి బయల్దేరితే సరిపోతుంది, బాచుపల్లి నుంచి కూడా ఎనిమిదికే కదా బయల్దేరింది! తేడా ఏమిటంటే అప్పుడు ఆ గంటన్నరా క్లచ్ మీద కాలు. ఇప్పుడు కూర్చుని చదువుకుంటాను, కాసేపు నిద్ర కూడా పోతాను. ఉప్పల్ ఆ లైను మొదలయ్యే నాగోలు తర్వాతి స్టేషనే కాబట్టి పొద్దున పూట చాలా రోజులు సీటు దొరుకుతుంది. సికింద్రాబాద్ దాటాక ఎక్కేవాళ్లకు ఆ ఆశ వద్దు, ఉన్నవి మూడు బోగీలు. సాయంత్రం హైటెక్ సిటీలో ఎక్కడమూ కష్టమే. కొందరు ఒక స్టేషన్ వెనక్కి, రైలు మొదలయ్యే రాయదుర్గం దాకా వెళ్లి అక్కడ సీటు పట్టుకుని వస్తారు. బాగా అలసిన రోజు నేనూ అదే చేస్తాను.

ఖర్చు కూడా తక్కువే. మెట్రోకు నెలకు మూడు వేలకు అటూఇటూ. బాచుపల్లి నుంచి కారుకు పెట్రోలే ఆరు వేలయ్యేది. మా ఆయనకు తార్నాక అదే లైనులో నాలుగు స్టేషన్లు. ఆయన ఆరింటికల్లా ఇంట్లో ఉంటాడు, పాప హోంవర్క్ ఆయన పద్దు.

ఇదంతా విని "మెట్రో ఉంటే చాలన్నమాట" అనుకోవద్దు. బాచుపల్లి వాళ్లకూ జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఉంది. కానీ హైటెక్ సిటీ రావాలంటే అమీర్‌పేట దాకా పోయి, లైను మారి, మళ్లీ పడమటికి రావాలి. పక్క వీధికి వెళ్లడానికి ఊరు చుట్టినట్టు. అసలు ఇంటి నుంచి జేఎన్‌టీయూ చేరడమే ఒక ప్రయాణం. లైను మారకుండా ఒకే రైల్లో ఆఫీసు రావాలి, స్టేషన్‌కు కాలినడకన చేరాలి. ఈ రెండూ కుదిరితేనే నేను చెప్పిన లెక్క పనిచేస్తుంది.

ఆ కాలినడక కోసమే బోడుప్పల్ వదులుకున్నాం. అక్కడ ఇంకో పది లక్షలు తగ్గేది, ఒక గది ఎక్కువ వచ్చేది. స్టేషన్ మూడు నాలుగు కిలోమీటర్లే. అయితే ఆ నాలుగు కిలోమీటర్లూ వరంగల్ రోడ్డు మీద. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగాయి. ఆ దుమ్ము, ఆ గుంతలు తిన్నవాళ్లకు తెలుసు. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి సిటీ బస్సు ఉచితమే కానీ, బస్సు కదలాలి కదా. ప్రయాణంలో ఎప్పుడేమవుతుందో తెలియని ముక్క ఎంత చిన్నదైనా మొత్తం లెక్కను అదే చెడగొడుతుంది.

ఉప్పల్‌లో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పాతది, నెలకోసారి అలుగుతుంది. కింద పార్కింగ్‌లో కారు తీయాలంటే ఇంకో రెండు కార్లు కదలాలి. స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రి మా వైపు రావాలంటే రైల్లో నిలబడటానికి కూడా చోటుండదు. ఆఫీసు స్నేహితులందరూ గచ్చిబౌలి వైపే ఉంటారు కాబట్టి శనివారం విందులకు మేము సగం మానేశాం. పదకొండు దాటాక మెట్రో ఉండదు, నైట్ షిఫ్టుల వాళ్లకు నా సలహా పనికిరాదు. ఇక ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటే రాయదుర్గంలో దిగి మళ్లీ బస్సో ఆటోనో, దాంతో నేను పొగిడిన స్థిరత్వం కాస్తా పోతుంది. అలాంటి వాళ్లు నల్లగండ్ల, తెల్లాపూర్ చూసుకోవడమే మంచిది.

మిగతావి చూస్తే, ఎంఎంటీఎస్ లోకల్ రైలు చాలా చవక, హైటెక్ సిటీలో స్టేషన్ కూడా ఉంది, కానీ రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే ఆ పూట పోయినట్టే. ఔటర్ రింగు రోడ్డు పక్కన విల్లా, రోజూ టోలు కట్టుకుని రాకపోకలు: అది వేరే జీతాల వాళ్ల సంగతి. షాద్‌నగర్‌లోనో యాదాద్రి వైపో ప్లాటు కొనడం పెట్టుబడి కిందకు వస్తుంది, ఆఫీసు దూరంతో దానికి పనిలేదు. ప్లాటు అమ్మేవాళ్లు భోజనం పెట్టి ఆదివారం చూపించడానికి తీసుకెళ్తారు, భోజనం బాగుంటుంది.

ఒక ఎంపిక మాత్రం అందరూ తేలిగ్గా తీసిపారేస్తారు: ఆఫీసు పక్కన అద్దెకుండటం. కోటి రూపాయల కొండాపూర్ ఫ్లాటు అద్దె 30 వేల దగ్గర దొరుకుతుంది. అదే ఫ్లాటుకు 80 లక్షల లోన్ తీసుకుంటే ఈఎంఐ 69 వేలు దాటుతుంది. "అద్దె కడితే డబ్బు గాల్లో కలిసినట్టే" అని మా మామగారు కూడా అంటారు. కానీ తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం. కట్టడం పూర్తికాని ఫ్లాటయితే పైన జీఎస్టీ. కోటి రూపాయల ఇంటికి ఏడున్నర లక్షలు మొదటి రోజే పోతాయి. రెండేళ్లకు కంపెనీ మారితే అద్దె ఇల్లు ఖాళీ చేయడానికి ఒక లారీ చాలు. కొత్తగా ఊళ్లోకి వచ్చేవాళ్లకు నా ఓటు దీనికే, కనీసం ఏడాది పాటు. అయితే బోరు ఎండితే ట్యాంకర్ డబ్బులెవరివో అడ్వాన్స్ ఇచ్చే ముందే తేల్చుకోవాలి. నల్లా కనెక్షన్ ఉందని చెబితే వేసవిలో ఎన్ని రోజులకోసారి వదులుతారో వాచ్‌మన్‌ను అడగాలి, ఓనర్‌ను కాదు.

"ఇక్కడికి మెట్రో వస్తోంది" అన్న మాట మీద మాత్రం లక్ష రూపాయలు కూడా ఎక్కువ పెట్టకండి. రెండో దశ పటంలో మియాపూర్ నుంచి పటాన్‌చెరు ఉంది, రాయదుర్గం నుంచి కోకాపేట ఉంది, ఎల్‌బీ నగర్ నుంచి హయత్‌నగర్ ఉంది. మొదటి దశ పటంలో ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమా కూడా ఉండేది. 2017 నవంబరులో మొదటి రైలు కదిలింది, మిగతా మొదటి దశ అంతా 2020కల్లా పూర్తయింది, పాతబస్తీ వాళ్లు మాత్రం ఎదురుచూస్తూనే ఉండిపోయారు.

మా తమ్ముడికి ఇంకో పని కూడా అప్పజెప్పాను. బిల్డర్ కారు ఆదివారం పొద్దున వచ్చి ఎక్కించుకుంటుంది, ఆ రోజు హైదరాబాద్ రోడ్లన్నీ ఖాళీ. ఆ కారు ఎక్కకుండా మంగళవారమో బుధవారమో పొద్దున తొమ్మిదికి ఆ ఇంటి గేటు దగ్గర నుంచి ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం ఆరున్నరకు తిరిగి రావాలి. ఒకసారి కాదు, అయిదు రోజులు. కుదిరితే వానాకాలంలో. భార్య ఉద్యోగం వెతుక్కుంటోంది కాబట్టి ఆమె ఎక్కడెక్కడికి ఇంటర్వ్యూలకు వెళ్తోందో అదీ చూసుకోవాలి. "కొనే ఇంటికి ఇన్నిసార్లు వెళ్లాలా అక్కా" అన్నాడు. కొన్నాక రోజూ వెళ్లాల్సిందే కదరా అన్నాను.

వచ్చే ఏడాది మా ఆఫీసు నానక్‌రామ్‌గూడకు మారుతుందని ఈ మధ్య గుసగుసలు. అదే జరిగితే రాయదుర్గం తర్వాత నాకు ఇంకో అరగంట, అదీ రోడ్డు మీద. మా ఆయన అప్పుడే ఆ వైపు అద్దెలు చూడటం మొదలుపెట్టాడు. నేను మాత్రం రాయదుర్గం నుంచి కంపెనీ బస్సు వేస్తారేమోనని హెచ్ఆర్ వాళ్లను వారానికోసారి అడుగుతున్నాను.