‘ఐ హ్యావ్ ఎ డౌట్’, ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’: ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో దిగి కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలకు మొదటి వారం నుంచే రోజూ పనిబడే ఇంగ్లీషు మాట ఒకటుంది. ఏదో అర్థం కాలేదు, అడగాలి. ఎలా మొదలుపెట్టాలి? నోటికి తేలిగ్గా వచ్చేది ‘ఐ హ్యావ్ ఎ డౌట్’. ట్రైనింగ్‌లో మాత్రం అలా అనకండి, ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అనండి అంటారు. ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ. కారణం చెప్పకుండా తప్పని కొట్టేస్తే కొత్తవాళ్లు అడగడమే మానేస్తారు. తెలియనిది అడగలేకపోవడం కంటే పెద్ద నష్టం ఉద్యోగంలో ఇంకోటి లేదని నా నమ్మకం. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు మన వైపు నుంచి. క్లాసులో ‘సార్, డౌట్’ అని చెయ్యెత్తి పెరిగినవాళ్లం. దాని వెనకున్నది సందేహం అనే మాట. సందేహం అంటే నాకు తెలియనిది, నా వైపు లోటు. చెప్పినాయన మీద అపనమ్మకం అందులో లేదు. ప్రశ్న సంగతి వేరు. ‘నన్నే ప్రశ్నిస్తావా?’ అన్నారంటే అప్పటికే గొడవ మొదలైనట్టు. ప్రశ్నించడం నిలదీయడానికి దగ్గర. పెద్దవాళ్ల ఎదుట క్వశ్చన్ అనడానికి మనకు నోరు రాకపోవడం, డౌట్ అంటే వినయంగా తోచడం ఇందుకే.

ఇంగ్లీషు చెవికి ఇది తిరగబడుతుంది. అక్కడ ‘ఎ క్వశ్చన్’ అంటే పదునేమీ లేని మామూలు మాట; అడుగుతున్నానని చెప్పడం, అంతే. (అదే మాటను క్రియగా వాడి ‘ఐ క్వశ్చన్ యువర్ డెసిషన్’ అంటే మాత్రం మన ‘ప్రశ్నించడం’ లాగే గుచ్చుకుంటుంది. ఆ తేడా గుర్తుంచుకోవాలి.) డౌట్‌లో ఉన్నది నమ్మకం చాలకపోవడం. క్రికెట్‌లో బ్యాటర్‌కు ఇచ్చే బెనిఫిట్ ఆఫ్ డౌట్ చూడండి. అంపైర్ ఎవరినీ ఏదీ అడగడం లేదు; అవుటయ్యాడని గట్టిగా నమ్మలేకపోతున్నాడు. కోర్టుల్లో వినే ‘బియాండ్ రీజనబుల్ డౌట్’ కూడా ఇదే అర్థంలో. కాబట్టి ఇంగ్లీషు డౌట్‌కు తెలుగులో దగ్గరి చుట్టం సందేహం కాదు, అనుమానం. అనుమానం పెనుభూతమని మనకు సామెతే ఉంది. మీరు సందేహమనుకుని అన్నది లండన్‌లో ఉన్నాయన చెవికి అనుమానమై చేరవచ్చు.

ఎదుటపడి మాట్లాడేటప్పుడు గొంతు, ముఖం చూసి సర్దుకుంటారు. రాతలో ఆ వీలుండదు. అవతలి దేశంలోని సీనియర్ రాసిన కోడ్ కింద ‘ఐ హ్యావ్ సమ్ డౌట్స్ అబౌట్ దిస్ ఫంక్షన్’ అని మన అమ్మాయి కామెంట్ పెట్టిందనుకోండి. ఆమె మనసులో ఉన్నది, ఇది ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పండి అని. ఆయన చదివేది, ఇది సరిగా పనిచేస్తుందని నాకు నమ్మకం లేదు అని. ఇక ఆయన తన కోడ్‌ను సమర్థించుకుంటూ పెద్ద జవాబు రాస్తాడు. ఆమెకు కావలసిన సంగతి అందులో ఉండకపోవచ్చు. బహువచనంలో ‘డౌట్స్ అబౌట్’ అన్నప్పుడు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఇంగ్లీషులో అది దాదాపు అభ్యంతరం.

దీని రెండో వైపు గురించి ఎవరూ చెప్పరు గానీ నా దృష్టిలో అదే ఎక్కువ ముఖ్యం. క్లయింట్ ‘ఐ డౌట్ ఇట్’ అన్నాడంటే అడిగి చూద్దామని కాదు, అలా జరగదనుకుంటున్నానని. ‘ఐ డౌట్ వీ కెన్ షిప్ బై ఫ్రైడే’ అంటే శుక్రవారానికి కాదని మర్యాదగా చెప్పడం. దాన్ని మన డౌట్‌గా విని, ఇంకా తేలలేదు, అయినా కావచ్చు అనుకుంటే శుక్రవారం దాకా ఎదురుచూస్తూ కూర్చుంటాం. స్కాట్లాండ్ వాడుకలో ఇంకో మెలిక ఉంది. అక్కడ వాన పడుతుందేమోనని తోచినప్పుడు కూడా ‘ఐ డౌట్’ అనే మొదలుపెడతారు.

అలాగని మన వాడుకను చిన్నచూపు చూడక్కర్లేదు. తమిళులు సందేహమనీ, మలయాళీలు సంశయమనీ ఇదే పద్ధతిలో అడుగుతారు. స్పానిష్ వాళ్లు ‘దూదా’ అన్నా, పోర్చుగీసు వాళ్లు ‘దూవిదా’ అన్నా అచ్చంగా మన క్లాసులో డౌటే. బెంగళూరు ఆఫీసులో పక్క సీటు కన్నడ అమ్మాయినీ ఎదుటి సీటు తమిళ అబ్బాయినీ ‘స్మాల్ డౌట్’ అని అడిగితే అపార్థానికి చోటే లేదు. మనలో మనం డౌట్ అనుకోవడం హాయిగా ఉంటుంది, ఉండనివ్వండి. అందరి ముందు ఎవరైనా అలా అన్నారని దిద్దబోవడం మాత్రం నాకు నచ్చదు.

విదేశీయులతో మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు, ఇంటర్వ్యూల్లో నా ఓటు క్వశ్చన్‌కే. ‘క్వెరీ’ అనేవాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ వాడుకలో బాగానే ఉంటుంది గానీ డేటాబేస్ పనిచేసేవాళ్ల దగ్గర ఎస్‌క్యూఎల్ క్వెరీ, అంటే డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే ఆదేశం, అనుకునే ప్రమాదముంది. ‘క్లారిఫికేషన్’ టెండర్లకూ ఒప్పందాలకూ సరిపోయే బరువైన మాట.

చాట్‌లో అయితే రెంటినీ వదిలేసి అసలు ప్రశ్ననే పంపడం ఇంకా మేలు. ‘హాయ్, ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అని పంపి జవాబు కోసం ఆగడం మనకు మర్యాదగా తోస్తుంది. అవతలాయన కాలిఫోర్నియాలో ఉన్నాడనుకోండి. అది మనకంటే వేసవిలో 12.30 గంటలు, చలికాలంలో 13.30 గంటలు వెనక ఉంటుంది. జూన్‌లో బెంగళూరులో ఉదయం 10 గంటలకు పంపితే అక్కడ ముందురోజు రాత్రి 9.30. ఆయన మర్నాడు పొద్దున లేచి ‘యెస్, టెల్ మీ’ అనేసరికి మనకు రాత్రవుతుంది. ఏ టేబుల్ నుంచి డేటా వస్తోందో మొదటి మెసేజ్‌లోనే అడిగి ఉంటే ఆ జవాబే వచ్చేది.

ఇంకొక సందర్భం మిగిలింది. అవతలాయన ఏదో అంతా వివరించాడు, మనకు సగమే అందింది. ఇక్కడ డౌటూ అతకదు, క్వశ్చనూ అతకదు, ఎందుకంటే ఏం అడగాలో కూడా ఇంకా తెలియదు. అప్పుడు ‘ఐ డిడ్‌న్ట్ ఫాలో ద లాస్ట్ పార్ట్, కుడ్ యూ గో ఓవర్ ఇట్ అగైన్?’ అనండి. చివరి భాగమని చెప్పడం వల్ల ఆయన మళ్లీ మొదటి నుంచీ చెప్పుకురాడు, మీరు అంతవరకూ విన్నారనీ తెలుస్తుంది.