చల్లగా నడిచే పాత డీజిల్ కంప్రెసర్ అని అమ్మితే జాగ్రత్త

కడపలో పాత కంప్రెసర్లు అమ్మే ఆ షెడ్డు ఏదో ఈ పనిలో ఉన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. దసరాకు ముందు అక్కడే 300 సీఎఫ్ఎం (నిమిషానికి 300 ఘనపుటడుగుల గాలి పీల్చే) డీజిల్ స్క్రూ కంప్రెసర్ ఒకటి 4,80,000 రూపాయలకు కొన్నాను. మూడు నెలల గ్యారంటీ అన్నారు. కాగితం మీద రాసి ఇమ్మని నేను అడగలేదు, అంతటి తెలివైనవాడిని. ఎర్రగుంట్ల దగ్గర పైపులైను కాలువకు బండ పగలగొట్టే పనిలో పెట్టాను. రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తరువాత ముసురు పట్టింది, నాలుగో రోజు యంత్రం కూడా పట్టేసింది.

కొనేనాడు మేము వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు గంటలయింది. యంత్రం అప్పటికే నడుస్తోంది. బోనెట్ మీద చేయి పెడితే కాలింది. మా కోసమే సిద్ధంగా ఉంచారని సంబరపడ్డానే గాని, చల్లారిన ఇంజను ఒక్క సెల్ఫుకు అందుకుంటుందో లేదో చూడాలన్న ఆలోచన రాలేదు. రెండు జాక్ హ్యామర్లు తగిలించి అరగంట నడిపినా ఆయిల్ టెంపరేచర్ మీటరు ముల్లు 55 దాటలేదు. యజమాని ఆ మీటరు అద్దాన్ని గుడ్డతో తుడిచి మరీ చూపిస్తూ, "చూడన్నా, ఇంత ఎండలో కూడా ఎంత చల్లగా నడుచ్చాందో" అన్నాడు. నేను తల ఊపాను. పదేళ్లుగా కంప్రెసర్లతో బతుకుతున్నవాడిని, స్క్రూ యంత్రం అంత చల్లగా ఎందుకు ఉందని అడగవలసిన చోట మెచ్చుకొని వచ్చాను.

పట్టేసిన తరువాత ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మెకానిక్ విప్పి చూపించాడు. నూనెను చల్లబరిచే కూలరు పూడిపోయి ఎండాకాలంలో మాటిమాటికీ వేడెక్కి ట్రిప్ అయ్యేదట. అందుకని ఎవరో కూలరు మార్చి, అంతటితో ఆగక నూనె వేడెక్కేదాకా దాన్ని కూలరుకు పోనివ్వని థర్మల్ వాల్వు లోపలి ముక్కను కూడా పీకేసి, నూనె ఎప్పుడూ కూలరులోనుంచే తిరిగేటట్లు దారి బిగించేశారు. ఎండలో ఇది సుఖంగానే ఉంటుంది. ముసురులో మాత్రం 25 డిగ్రీల తడిగాలి ప్రతి ఘనమీటరులోనూ సుమారు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మన యంత్రం గంటకు సుమారు 510 ఘనమీటర్ల గాలిని పీలుస్తుంది కనుక, పది లీటర్లకు పైగా నీరు ఆవిరి రూపంలో లోపలికి పోతున్నట్లే. ఆ గాలిని 7 బార్ ఒత్తిడికి నొక్కినప్పుడు సుమారు 65 డిగ్రీల దగ్గరే ఆవిరి నీరుగా మారడం మొదలుపెడుతుంది. స్క్రూ యంత్రంలో గాలీ నూనే కలిసే తిరుగుతాయి కనుక, నూనె 80 దాటి వేడిగా ఉంటే ఆవిరి గాలితోపాటే బయటికి పోతుంది. 55 దగ్గరే ఆగితే ఆ ఆవిరిలో కొంత నీరుగా మారి నూనెలో కలుస్తుంది. ఆ నీళ్ల నూనెతో తిరిగి తిరిగి ఎయిర్ ఎండ్ (గాలిని నొక్కే స్క్రూల భాగం) బేరింగులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. బాగుచేయడానికి 1,35,000 అడుగుతున్నారు.

నిన్న ఉదయం ఆ నూనెను నీళ్ల సీసాలో పట్టుకొని షెడ్డుకు వెళ్లాను. రాత్రంతా కదలకుండా ఉంచినందువల్ల అడుగున రెండు వేళ్ల మందాన నీరు తేరుకొని, పైన తెల్లగా చిక్కటి మజ్జిగలాగా నిలిచింది. యజమాని సీసాను వెలుగుకు ఎత్తి చూసి, పనివాళ్లను పిలిచి, "రాండ్రా, అన్న మనకు చల్ల తెచ్చినాడు, తలా ఒక గ్లాసు తాగండి" అన్నాడు. అందరూ నవ్వారు. థర్మల్ వాల్వు సంగతి ఎత్తితే, "చల్లగా నడుచ్చాందని మెచ్చుకొని కొంటివి కదన్నా, చల్లగా నడిచేది చల్ల ఇయ్యక నెయ్యి ఇచ్చాదా?" అని, నా మొహం మీదే టీ కుర్రాడికి ఐదు టీలు చెప్పాడు. అక్కడ ఉన్నది నాతో కలిపి ఆరుగురం. పోయిన డబ్బు కంటే ఆ లెక్కే నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. గ్యారంటీ మాట అడిగితే, వానలో నడిపిన యంత్రానికి గ్యారంటీ వర్తించదట. కంప్రెసర్‌ను పెళ్లిపందిరి కింద నడిపేవారు ఎవరైనా ఉంటే ఆయన దగ్గరే కొనుక్కోవచ్చు.

కొనదలచినవారు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా వెళ్లండి. ఒత్తిడి పూర్తిగా దిగిందని చూసుకొని ఆయిల్ ట్యాంకు అడుగున నూనె వంపే కాకును మెల్లగా తిప్పండి. నూనె కంటే ముందు నీళ్లు వస్తే అక్కడినుంచే వెనక్కి తిరగండి. లోడు మీద అరగంట నడిపాక కూడా ముల్లు 80 దగ్గరికి రాకపోతే మెచ్చుకోకండి. ఇప్పటికే యంత్రం ఉన్నవారు ముసురు రోజుల్లో డీజిల్ ట్యాంకును సాయంత్రమే నింపి పెట్టండి, ఖాళీ ట్యాంకు గోడలకు రాత్రి చెమ్మ పట్టి నీరు దిగుతుంది. ఉదయం డీజిల్‌లోని నీటిని పట్టి ఉంచే వాటర్ సెపరేటర్ వంపి, లోడు వేయకముందు కొన్ని నిమిషాలు ఊరికే నడవనివ్వండి.

ఆ సీసాను పారబోయలేదు. ఆ షెడ్డుకు బేరానికి వెళ్లేవారు అడిగితే ఇస్తాను, అడ్వాన్సు చేతిలో పెట్టకముందు ఒకసారి ఆయన ముందు బల్ల మీద పెట్టి చూడండి.