పాత వ్యానులో గాలి హోరు, గడగడలు: తలుపు బీడింగు మార్చడం మేలా, డ్యాంపింగ్ షీట్లు అతికించడం మేలా?

ఏళ్ల తరబడి తిరిగిన వ్యాను గంటకు 80 కిలోమీటర్లు దాటగానే పక్క సీటులో ఉన్నవారితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తుంటే, చాలామందికి మొదట తట్టే ఉపాయం లోపలి ప్యానెళ్లు విప్పి రేకు మీద మందపాటి షీట్లు అతికించడమే. నేనూ ఆ దారే పట్టాను. రెండు రోజులు కష్టపడి తలుపుల లోపలా, వెనుక భాగంలో రెండు పక్కలా బ్యూటైల్ అనే జిగట రబ్బరుతో చేసిన డ్యాంపింగ్ షీట్లు అతికించిన తరువాత, తలుపు వేసినప్పుడు వచ్చే డబ్బా మోత తగ్గి ఒక దిటవైన చప్పుడు వచ్చిన మాట నిజమే. కాని డ్రైవరు చెవి పక్కన సుయ్యిమని వినిపించే సన్నని ఈల మాత్రం రవ్వంత కూడా మారలేదు. అది తలుపు ఫ్రేము పైమూలలో బీడింగు, అంటే తలుపు సందును మూసే రబ్బరు పట్టీ, జానెడు మేర నలిగి చదునైపోయిన చోటినుంచి వస్తున్నదని ఆ తరువాత తెలిసింది. అందుకే ఈ రెండు పద్ధతుల్లో ఏది దేనికి పనికివస్తుందో, దేనిని ముందు చేయాలో వివరంగా చెప్పాలనిపించింది.

ముందుగా వినిపిస్తున్న శబ్దం ఏ జాతిదో విడదీయాలి. గతుకుల దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంలోనే మొదలై, నున్నని రోడ్డెక్కగానే ఆగిపోయేది ఏదో వదులై చేసే గడగడ. నున్నని రోడ్డు మీద వేగంతోపాటు పెరుగుతూ, పక్కగాలి వీచినప్పుడల్లా స్వరం మార్చుకునేది గాలి శబ్దం. బండి అంచులనూ అద్దాలనూ ఒరుసుకుంటూ పోయే గాలి పుట్టించే శబ్దశక్తి సుమారుగా వేగం యొక్క ఆరో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి, 80 నుంచి 100కు వెళ్లేసరికే అది దాదాపు 6 డెసిబెళ్లు ఎక్కువవుతుంది. ఊరి వీధుల్లో నెమ్మదిగా నడిపి చూసి బాగైందనుకోవడం ఇందువల్లనే మోసపుచ్చుతుంది.

ఆగి ఉన్నప్పుడు చక్కగా మూసుకున్నట్టు కనిపించే తలుపు వేగంలో అలా ఉండదు. ముందు అద్దం అంచు చుట్టూ మలుపు తిరిగే గాలి ముందు తలుపు పైభాగం దగ్గర అల్పపీడనాన్ని కలిగిస్తుంది. లోపలి పీడనం దానికంటే ఎక్కువ కనుక కిటికీ ఫ్రేము పైమూల కాస్త బయటికి వంగుతుంది. ఆ కాస్త ఎడాన్ని కొత్త బీడింగు తన ఉబ్బుతో పూరిస్తుంది, ఎండకు గట్టిపడి అణగిపోయిన పాత రబ్బరు పూరించలేదు. గాలి ఎక్కడ కారుతున్నదో పట్టుకోవడానికి మాస్కింగ్ టేపును మించిన సాధనం నాకు కనబడలేదు. తలుపు చుట్టూ ఉన్న సందును బయటినుంచి టేపుతో పూర్తిగా మూసి, ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో నడిపి విని, తరువాత ఒక్కొక్క పక్క టేపు తీస్తూ మళ్లీ నడపాలి. ఏ ముక్క తీసినప్పుడు ఈల తిరిగి వచ్చిందో అక్కడే లోపం. డ్రైవరు తలుపును ఇలా పరీక్షించే రోజున దిగడానికి మరొక తలుపును టేపు లేకుండా వదిలిపెట్టాలి, ఇది మరచిపోకూడని జాగ్రత్త. ఆ తరువాత అనుమానం ఉన్న చోట ఒక కాగితపు పట్టీని తలుపులో ఇరికించి మూసి లాగి చూస్తే, బిగువుగా కదిలిన చోట రబ్బరు పట్టు ఉన్నట్టు, జారి వచ్చేసిన చోట లేనట్టు.

లోపం బీడింగు దగ్గరేనని తేలినా, కొత్తది కొనే ముందు తలుపును తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. అది కీళ్ల దగ్గర ఆడుతూ ఉంటే మార్చవలసినవి కీళ్ల పిన్నులే గాని రబ్బరు కాదు. కీళ్లు గట్టిగా ఉంటే, లాక్ వచ్చి పట్టుకునే స్ట్రైకరు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, బోల్టులు కొద్దిగా వదులు చేసి, దానిని ఒక్క మిల్లీమీటరు లోపలికి జరిపి బిగిస్తే చాలాసార్లు పాత బీడింగే మళ్లీ పనిచేస్తుంది. డబ్బు ఖర్చు లేని ఈ పనితో ఫలితం రానప్పుడే కొత్త రబ్బరు అవసరం.

కొత్త రబ్బరులోనూ రెండు రకాలున్నాయి: ఆ బండికే అచ్చుపోసిన అసలు బీడింగు ఒకటి, ఏ బండికైనా అతికించగల బోలు పట్టీ మరొకటి. ముందు తలుపులకూ స్లైడింగ్ డోరుకూ అసలుదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వాటి మూలల్లో రబ్బరు మందమూ వంపూ చోటుచోటుకూ మారతాయి. అతికించే పట్టీ ఆ మూలల్లో మడత పడి, కొత్త సందును తానే చేస్తుంది. వెనుక తలుపుల నిలువు అంచుల్లో మాత్రం, ఉన్న బీడింగుకు తోడుగా రెండవ వరుసగా అతికించే పట్టీ బాగానే నిలుస్తుంది. కొత్త బీడింగు వేశాక తలుపు కొన్ని వారాలపాటు బలంగా వేస్తే గాని పడదు. అందుకు కంగారుపడి స్ట్రైకరును బయటికి జరిపితే చేసిన పని వృథా అవుతుంది. రబ్బరుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయడం మంచిది. మామూలు పెట్రోలియం గ్రీజు తగిలితే ఎక్కువ బీడింగుల్లో ఉండే ఈపీడీఎం అనే రకం రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఇక డ్యాంపింగ్ షీట్ల సంగతి. అల్యూమినియం పొర కింద బ్యూటైల్ ఉన్న ఈ షీటు శబ్దాన్ని ఆపే గోడ కాదు. కొట్టిన పళ్లెం మీద అరచెయ్యి పెడితే మోత ఎలా ఆగుతుందో, రేకు కంపనాన్ని అలా అణచడమే దాని పని. అందువల్ల రేకంతా కప్పనవసరం లేదు, ప్రతి పెద్ద రేకు నడుమ పావు నుంచి సగం వరకు అతికిస్తే రావలసిన లాభంలో చాలా భాగం వచ్చేస్తుంది. లోపల ఏ పొరా లేని సరుకుల వ్యానులో, గుయ్యిమని చెవులను నొక్కే బరువైన మోతకు ఇదే సరైన మందు, అక్కడ బీడింగు ఎంత మార్చినా ప్రయోజనం ఉండదు. తారు పూసిన చవక పట్టీలను దీనికి బదులుగా వాడడం నేను ఒప్పుకోను. ఎండకు అవి మెత్తబడి జారడమే కాక లోపలంతా వాసన నిలిచిపోతుంది. మరొక ముఖ్యమైన మాట: తలుపు అడుగు అంచున నీరు పోవడానికి ఉండే చిన్న కంతలను షీటుతో మూసివేస్తే తలుపు లోపలినుంచి తుప్పు పడుతుంది.

గాలి శబ్దం విషయంలో షీట్లు ఓడిపోవడానికి కారణం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. మీటరు పొడవూ మీటరు వెడల్పూ ఉన్న తలుపు చుట్టుకొలత 4 మీటర్లు. దాని చుట్టూ పావు మిల్లీమీటరు సందు ఉంటే, ఆ సందు వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు, అంటే తలుపులో వెయ్యింట ఒక వంతు. తలుపు రేకు ఎంత బరువైనదైనా, ఆ సందు ఒక్కటే మొత్తం అడ్డగింపును సుమారు 30 డెసిబెళ్ల దగ్గర ఆపేస్తుంది. షీట్ల మీద బరువైన వినైల్ పొరలు ఎన్ని పరిచినా ఆ పరిమితి దాటదు. కాబట్టి ప్రయాణికుల వ్యానులో, వేగం పెరిగిన కొద్దీ చెవి దగ్గర ఈల పెరుగుతున్నవారికి బీడింగే మొదటి పని, షీట్లు రెండవ పని. ఖాళీ రేకు డబ్బా లాంటి సరుకుల వ్యానుకు మాత్రం వరుస తిరగబడుతుంది. ఇంజను సీటు కింద ఉండే వ్యాన్లలో ఇంజను మూత చుట్టూ ఉన్న రబ్బరును తలుపు బీడింగుతో సమానంగా చూడాలి, లోపలికి శబ్దమూ వేడీ వచ్చే పెద్ద దారి అదే.

గడగడలకు ఈ రెండూ సమాధానం కావు. ఒకరు నెమ్మదిగా నడుపుతుంటే మరొకరు వెనుక కూర్చుని, అనుమానం ఉన్న ప్రతి వస్తువునూ అరచేత్తో అదిమి పట్టుకుంటూ పోవాలి. ఏది పట్టుకున్నప్పుడు ఆగిందో అదే దొంగ. నా బండిలో నెలల తరబడి వెనుక ఇరుసును అనుమానించిన టకటక చివరకు ఎవరూ కూర్చోని సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్ ప్యానెలుకు తగలడంగా తేలింది, అక్కడ రెండు వేళ్ల మేర ఫెల్ట్ ముక్క అతికిస్తే సరిపోయింది. ఒకదానికొకటి రాసుకునే చోట ఫెల్ట్ టేపు మేలు, ఫోమ్ ముక్క అక్కడ త్వరగా అరిగి పొడి అవుతుంది; రెండు ప్యానెళ్ల మధ్య ఖాళీని నింపవలసిన చోట మాత్రం ఫోమే మేలు. సగం దించిన కిటికీ అద్దం కటకటలాడితే అద్దం జారే గాడిలోని మఖమల్ రబ్బరు అరిగినట్టే, దానికి మార్పిడి తప్ప మరొక దారి లేదు. స్లైడింగ్ డోరు గడగడకు మాత్రం ముందు రోలర్లనూ, తలుపు అంచున ఉండే రబ్బరు బొడిపెలనూ చూడాలి. ఆ బొడిపెలు అరిగితే తలుపు మూసి ఉన్నా పైకీ కిందికీ ఆడుతుంది, అలా ఆడే తలుపు కొత్త బీడింగును కూడా నలిపేస్తుంది.

బీడింగు సరిచేసినా ఒకే శ్రుతిలో ఊళ వినిపిస్తుంటే తల ఎత్తి రూఫ్ క్యారియర్ చూడాలి. గుండ్రని కమ్మీ వెనుక గాలి సుడులు వంతులవారీగా విడివడుతూ శబ్దం చేస్తాయి. 25 మిల్లీమీటర్ల కమ్మీకి గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆ శ్రుతి దాదాపు 200 హెర్ట్‌జ్. పొడవైన పొగగొట్టాలకు మెలికల పట్టీ చుట్టినట్టే, కమ్మీ చుట్టూ సన్నని తాడును ఎడం ఎడంగా మెలితిప్పి చుడితే సుడులు వరుస తప్పి ఊళ అణగిపోతుంది. సామాను లేని రోజుల్లో క్యారియరును విప్పి పెట్టడం అంతకంటే మేలు. తాడే చుట్టదలచుకుంటే దాని రెండు కొసలనూ గట్టిగా ముడి వేసి, ముడి మీద టేపు చుట్టాలి.