మెల్‌బోర్న్‌లో గది వెతికే ముందు ట్రామ్ పట్టాలు వెతకండి

మెల్‌బోర్న్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉండేది పడమటి వైపు. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ పేర్లు ఈపాటికి మన ఊళ్లలో అమ్మానాన్నలందరికీ కంఠతా వచ్చేసి ఉంటాయి. ఆ వైపు ట్రామ్ అన్నదే కనపడదు. మా అమ్మాయి వాళ్లదీ టార్నీటే. ఇల్లు విశాలం, కూరగాయల కొట్టు దగ్గర, సాయంత్రం నడకకు వెళ్తే నలుగురు తెలుగువాళ్లు పలకరిస్తారు, కానీ నగరం చూడాలంటే డీజిల్ రైలెక్కి సదరన్ క్రాస్ స్టేషన్‌కు రావాలి, ఆ తర్వాతే ట్రామ్. 2025 మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్లినప్పుడు కొన్నాళ్లు పిల్లల దగ్గర, కొన్నాళ్లు నగరం నడిబొడ్డున హోటల్లో, కొన్నాళ్లు సముద్రం పక్కన సెయింట్ కిల్డాలో ఉన్నాం. మూడూ చూశాక నా లెక్క ఒకటే. అక్కడ బస ఎంచుకునేటప్పుడు హోటల్‌కు ఎన్ని స్టార్లున్నాయన్నది తర్వాతి సంగతి, ఆ వీధిలో పట్టాలు కార్ల మధ్యన ఉన్నాయా, విడిగా ఉన్నాయా అన్నది ముందు చూసుకోవాలి. నేను రైల్వేలో పీవే సెక్షన్‌లో, అంటే పట్టాలు చూసుకునే విభాగంలో, చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నా చూపు ముందు కిందకే పోతుంది, ఏమీ అనుకోకండి.

అసలు అక్కడ ట్రామ్ ఎందుకు మిగిలిందో రోడ్డు మీద నిలబడితేనే తెలిసిపోతుంది. 1837లో రాబర్ట్ హాడిల్ గీసిన వీధులవి, పెద్ద వీధి ఒక్కోటి 99 అడుగుల వెడల్పు. మధ్యలో రెండు లైన్లు వేసినా ఇటో వరస, అటో వరస కార్లకు చోటుంటుంది. 1885లో మొదలైనవి కేబుల్ ట్రాములు, రోడ్డు కింద తిరిగే తాడును పట్టుకుని నడిచేవి. ఆఖరిది 1940లో ఆగింది. తర్వాత ప్రపంచమంతా ట్రాములు పీకేస్తున్న రోజుల్లో, సిడ్నీ 1961లో మొత్తం ఎత్తేసింది, మన మద్రాసు అంతకు ముందే 1953లో ఆపేసింది, మెల్‌బోర్న్‌లో మాత్రం ట్రామ్‌వేస్ బోర్డు ఛైర్మన్ రాబర్ట్ రిసన్ మొండిపట్టు పట్టి లైన్లను కాంక్రీటులో వేయించాడు. కాంక్రీటులో కూరుకుపోయిన పట్టాను పీకాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది మరి! ఇప్పుడు దాదాపు 250 కిలోమీటర్ల డబుల్ లైన్, 1,700 పైన స్టాపులు, ప్రపంచంలో ఇంత పెద్ద ట్రామ్ వ్యవస్థ ఇంకోటి లేదు. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1435 మిల్లీమీటర్లు, మన హైదరాబాద్ మెట్రోదీ అదే. అక్కడి రైళ్లు మాత్రం ఇంకా పాత 1600 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్ మీద నడుస్తున్నాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

టికెట్ సంగతి. నగరం మధ్యలో ఫ్రీ ట్రామ్ జోన్ ఉంది, 2015 నుంచి. స్ప్రింగ్ స్ట్రీట్, ఫ్లిండర్స్ స్ట్రీట్, విక్టోరియా మార్కెట్, డాక్‌లాండ్స్, వీటి మధ్య ఎన్నిసార్లు ఎక్కి దిగినా పైసా లేదు, కార్డు కూడా చూపక్కర్లేదు. అది దాటితే మైకీ కార్డు ఉండాలి. ఎక్కగానే టచ్ చేయాలి, దిగేటప్పుడు ట్రామ్‌లో అక్కర్లేదు. ట్రామ్‌లో డబ్బులు తీసుకునేవాడు ఉండడు, కార్డులో డబ్బు వేసుకునే మిషనూ ఉండదు, కాబట్టి ఆ పని కిందే, స్టేషన్‌లోనో సెవెన్ ఎలెవెన్ కొట్లోనో చూసుకోవాలి. మేం వెళ్లినప్పుడు రెండు గంటలకు 5.50 డాలర్లు, రోజంతా ఎంత తిరిగినా 11. జోన్ ఎక్కడ అయిపోతుందో మైకులో చెప్తారు గానీ ఆ గోలలో సగం వినపడదు. యారా నది దాటగానే వచ్చే కాసినో స్టాపు జోన్‌లోది కాదు, చాలామంది టూరిస్టులు అక్కడే దొరుకుతారు. మా కళ్లముందే ఒక కుర్రాడు తనిఖీవాళ్ల ముందు నిలబడి బిక్కమొహం వేశాడు, వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, అడ్రసు మాత్రం రాసుకున్నారు.

సిటీలో అన్ని వీధుల్లోనూ ట్రామ్ ఉండదు. ఫ్లిండర్స్, కాలిన్స్, బర్క్, లా ట్రోబ్ అడ్డంగా; స్పెన్సర్, విలియం, ఎలిజబెత్, స్వాన్‌స్టన్ నిలువుగా. ఇందులో స్వాన్‌స్టన్ ఒక్కటే ఎనిమిది రూట్లు మోస్తుంది. దాని ఉత్తరం కొసన యూనివర్సిటీ దగ్గర ఆరు రూట్లు అక్కడికక్కడే వెనక్కి తిరుగుతాయి. బండికి రెండు వైపులా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది గనక చుట్టూ తిప్పే లూప్ అవసరం లేదు, డ్రైవర్ దిగి అటు కొసకి నడిచి ఎక్కితే సరి. ఎలిజబెత్ వీధి మాత్రం గొట్టం లాంటిది. అందులో వచ్చే 19, 57, 59 ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ఎదురుగా వచ్చి ఆగిపోతాయి. పది అడుగుల్లో ఫ్లిండర్స్ వీధి లైన్లు కనపడుతూనే ఉంటాయి కానీ వాటితో కలవవు. ఆ వీధిలో ముందు బండి చెడిపోతే వెనకవి బారులు తీరాల్సిందే, అది ఒక సాయంత్రం చూశాం, నడిచి వెళ్లిపోయాం.

కార్లవాళ్లకు అక్కడ హుక్ టర్న్ అని ఒకటుంది. కుడికి తిరగాల్సిన కారు ఎడమ పక్కకు వచ్చి కూడలిలో ఆగి, అడ్డరోడ్డుకు పచ్చలైటు పడే టైముకి తిరుగుతుంది. మధ్యలో పట్టాల మీద ఆగి ట్రామ్‌కు అడ్డం పడకుండా. మా అల్లుడు ఇన్నేళ్లయినా సిటీలోకి కారు తెమ్మంటే టెన్షన్ పడేది దీనికే.

హోటల్ స్పెన్సర్ స్ట్రీట్ మీద తీసుకున్నాం, పేరు ఎందుకులెండి. "ట్రామ్ గుమ్మం ముందే" అని వాళ్లు రాసుకున్నది నూటికి నూరుపాళ్లు నిజం. బర్క్ వీధి నుంచి స్పెన్సర్‌లోకి 96 తిరిగే వంపు మా కిటికీ కిందే ఉంది. అంత బిగువు వంపులో చక్రం అంచు పట్టాకు రాసుకుంటే వచ్చే కీచు ఎలా ఉంటుందో రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా శుక్ర, శనివారాలు 96, 86 లాంటివి రాత్రంతా నడుస్తాయి. "ఏమండీ, మీకిది పాటలా ఉందేమో, నాకు మాత్రం తలనొప్పి" అంది మా ఆవిడ. వెనక వైపు గది అడిగితే అదనంగా కట్టమన్నారు. గది శుభ్రం, సిబ్బంది మంచివాళ్లు, సదరన్ క్రాస్ రెండు అడుగులు, అవన్నీ ఒప్పుకుంటాను, అయినా కూడలి మూల మీద గది మాత్రం తీసుకోకండి. అదే వీధిలో ఒక వంద గజాలు లోపలికి పోయినా, పట్టా తిన్నగా ఉన్న చోట, బండి వెళ్లింది కూడా తెలీదు.

సెయింట్ కిల్డాకు మారాక ప్రాణం లేచొచ్చింది. వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్, 96 స్టాపుకి దగ్గర, అద్దె సిటీ హోటల్ కంటే తక్కువే. పప్పూ అన్నం మేమే వండుకున్నాం. ఈ 96 లైన్ కథ వేరు. 1857లో వేసిన రైలు మార్గం అది. 1987లో రైళ్లు ఆపేసి, బ్రాడ్‌గేజ్ తీసి ట్రామ్ గేజ్ వేశారు. అందుకే నది దాటి సౌత్ మెల్‌బోర్న్ వైపు వెళ్లగానే బండి రోడ్డు వదిలేసి తన సొంత దారిలోకి ఎక్కుతుంది, ఇక కార్లు లేవు, స్లీపర్లు, కంకర, పక్కన పాత ఇటుక స్టేషన్ భవనాలు. ఆల్బర్ట్ పార్క్, మిడిల్ పార్క్ దాటి ఫిట్జ్‌రాయ్ వీధి దాకా నిజంగా రైలులానే పోతుంది. నడిచే బండి కూడా కొత్తది, ఇ క్లాస్ అంటారు, 33 మీటర్ల పొడవు, 210 మంది పడతారు, ప్లాట్‌ఫాం ఎత్తుకు సమానంగా నేల ఉంటుంది గనక మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. పోర్ట్ మెల్‌బోర్న్ వెళ్లే 109 కూడా ఆ చివర ఇలాగే పాత రైలు దారి.

అన్నీ ఇలా ఉంటాయనుకుంటే పొరపాటు. మొత్తం లైన్లలో నాలుగింట మూడు వంతులు కార్లతో కలిసిన రోడ్డే. సెయింట్ కిల్డాకే 12 కూడా వెళ్తుంది, కానీ షాపుల మధ్య, ఆగిన కార్ల వెనక ఆగుతూ. బోలెడు స్టాపుల్లో ప్లాట్‌ఫామే లేదు, ఫుట్‌పాత్ మీద ఒక స్తంభం, బోర్డు, అంతే. ట్రామ్ రోడ్డు మధ్యలో ఆగుతుంది, మధ్యలో ఒక వరస కార్లున్న చోట మనం దాన్ని దాటుకుని ఎక్కాలి. తలుపులు తెరిచుంటే కార్లు వెనకే ఆగాలని చట్టం, ఆగుతాయి కూడా, అయినా దిగే ముందు ఎడమకు చూసుకోవడం మంచిది. ఆ రూట్లలో చాలావాటికి డెబ్బైల్లో, ఎనభైల్లో చేసిన బండ్లు వస్తాయి, మెట్లు ఎత్తు. పెద్దవాళ్లతో వెళ్తే స్టాపుకు చక్రాల కుర్చీ గుర్తు ఉందో లేదో మ్యాపులో చూసుకుని గది తీసుకోండి. ఇది మాత్రం ఏ హోటల్ పేజీలోనూ రాయరు.

ఇక నాకోసం నేను వెళ్లిన చోట్లు రెండు. మొదటిది కూయాంగ్. గ్లెన్‌ఫెర్రీ రోడ్డు మీద 16 నంబరు ట్రామ్, గ్లెన్ వేవర్లీ రైలు మార్గాన్ని నేల మీదే అడ్డంగా దాటుతుంది. ఒక్క నిమిషం ఆలోచించండి: 1435 గేజ్ మీద 1600 గేజ్ డైమండ్ క్రాసింగ్ (ఒక లైను ఇంకో లైనును అడ్డంగా కోసుకుపోయే చోటు), పైన ట్రామ్ తీగలో 600 వోల్టులు, రైలు తీగలో 1500. రెండు తీగలూ కలిసే ఆ నలుచదరం ముక్కలో ఎవరి వంతు వస్తే వాళ్ల కరెంటు ఇస్తారు. గేట్లు పడ్డాయి, గంట మోగింది, రైలు నెమ్మదిగా, మన దగ్గర కాషన్ ఆర్డర్ ఉన్నచోట వెళ్లినట్టు, డైమండ్ మీద టకటకమని వెళ్లింది. గేటు లేచాక ట్రామ్ ఇంకా నెమ్మదిగా. ఇలాంటివి ఇప్పుడు రెండే మిగిలాయి, రెండోది రివర్స్‌డేల్‌లో 70 రూటు మీద. గ్లెన్ హంట్లీలో ఉన్నదాన్ని 2023లో రైలు మార్గాన్ని కిందికి దించి తీసేశారు. ప్రయాణికులకు అదే మంచిది, నాకు మాత్రం ముందే రాలేకపోయానే అనిపించింది.

రెండోది బాలక్లావా జంక్షన్, కాల్‌ఫీల్డ్ నార్త్‌లో. నాలుగు దిక్కుల నుంచి డబుల్ లైన్, ప్రతి దిక్కు నుంచీ తిన్నగానూ, కుడికీ, ఎడమకీ పోయేలా పట్టాలు. గ్రాండ్ యూనియన్ అంటారు, దక్షిణార్ధగోళంలో ఇదొక్కటే. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు పదహారు జతలు, ఒక మామూలు నాలుగు రోడ్ల కూడలిలో! చుట్టూ ఏముంది? ఇళ్లు, చిన్న కొట్లు. రోజూ నడిచే 3, 64 తిన్నగా పోతాయి, 16 ఒక్కటే మలుపు తిరుగుతుంది. మిగతా వంపులన్నీ బండ్లను దారి మళ్లించాల్సి వచ్చినప్పుడు అక్కరకొస్తాయి, ఏది తరచుగా వాడతారో ఏది వాడరో పట్టా మెరుపు చూస్తే తెలిసిపోతుంది. ఆకురాలు కాలం కదా, పట్టా గాడిలో పసుపు ఆకులు నలిగి ముద్దయి, దాని మీద ట్రామ్ జారకుండా వదిలిన ఇసుక. పాయింటులో అటూ ఇటూ కదిలే పట్టా ముక్క పక్కన రోడ్డు మట్టానికి ఇనుప మూత, దాని కింద మోటారు. మామూలుగా డ్రైవర్ లోపలి నుంచే పాయింటు మారుస్తాడు, ఆ రోజు ఒక డ్రైవరమ్మ దిగి ఇనుప గడ్డపార గాడిలో పెట్టి ఒక్క ఊపులో మార్చేసి, ట్రామ్‌లకు దారిచ్చే తెల్ల 'T' అక్షరం లైటు వెలగగానే వెళ్లిపోయింది. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో అమ్మాయితో "మీ నాన్న డ్యూటీలో ఉన్నారు" అంటోంది.

సిటీ సర్కిల్ అని 35 నంబరు ఉచిత ట్రామ్ గురించి అందరూ చెప్తారు. పాత డబ్ల్యూ క్లాస్ బండి, ఫొటోలకు బాగుంటుంది, నగరం చుట్టూ తిప్పుతూ మైకులో చరిత్ర చెప్తుంది. ఒకసారి ఎక్కండి చాలు. ఎక్కడికైనా వెళ్లడానికి మాత్రం ఎక్కకండి, కిక్కిరిసి ఉంటుంది, నత్తనడక. హాథార్న్‌లో పాత డిపోలో ట్రామ్ మ్యూజియం ఉంది, అది అన్ని రోజులూ తెరవరు, కొన్ని శనివారాలే. అక్కడి వలంటీర్లతో మాట్లాడితే కలకత్తా సంగతి వాళ్లే ఎత్తారు. రెండు ఊళ్ల ట్రామ్ అభిమానులు 1996 నుంచి ట్రామ్‌జాత్రా అని కలిసి పండగ చేస్తున్నారట. కలకత్తాదీ 1435 గేజే.

బయల్దేరే ముందు ఇంకో రెండు ముక్కలు. పట్టాలు మార్చే పని పెట్టుకుంటే ఆ రూటులో రోజుల తరబడి ట్రామ్ బదులు బస్సులు వేస్తారు, బస్సు ట్రామ్ స్టాపు దగ్గరే ఆగుతుందని లేదు, కాబట్టి గది బుక్ చేసే ముందు ఆ తేదీల్లో ఆ రూటు నడుస్తుందో లేదో ట్రామ్ ట్రాకర్ యాప్‌లో చూసుకోండి. తిరుగు ప్రయాణం రోజు "ఎయిర్‌పోర్ట్ వెస్ట్" అని బోర్డు ఉన్న 59 వస్తుంది, సూట్‌కేసులతో దాంట్లో ఎక్కేరు జాగ్రత్త, అది విమానాశ్రయానికి కొన్ని కిలోమీటర్ల ఇవతలే ఆగిపోతుంది. విమానానికి సదరన్ క్రాస్ నుంచి స్కైబస్సే, లేదంటే పిల్లల కారు.