ప్లస్ తోక దొంగను పట్టించింది, కొంతవరకు

ఆ చెత్త మెయిల్ చూసి నేను సంతోషించాను. భీమిలి వైపు ప్లాట్లు అమ్ముతామంటూ ఎవరో పంపారు. విశాఖలో ఉన్నవారికి అలాంటివి కొత్త కాదు. కానీ అది చేరిన నా చిరునామాలో, నా పేరు పక్కన ‘ప్లస్ సోఫా’ అని ఉంది. జీమెయిల్‌లో పేరు తర్వాత, ఎట్ గుర్తుకు ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట తోకగా తగిలించినా మెయిల్ మన పెట్టెకే వస్తుంది. ఆ తోకను నేను ఒకే ఒక్కచోట ఇచ్చాను: ద్వారకానగర్‌లో సోఫా కొన్న దుకాణంలో, బిల్లు మెయిల్‌కు పంపుతామంటే.

మర్నాడే వెళ్లి మేనేజరుకు ఫోను చూపించాను. “మేము ఎవరికీ ఇవ్వం సార్” అన్నారు. ఆ తోకను మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదని వివరిస్తే, చాలాసేపు తెర వైపు చూసి, పండగ ప్రచారం కోసం కొనుగోలుదారుల జాబితాను ఒక ఏజెన్సీకి ఇచ్చామని ఒప్పుకున్నారు. నా ఎదుటే పేరు తీసేశారు. ఏళ్ల తరబడి తుడుచుకోవడమే తప్ప ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియని నాకు, ఆ అయిదు నిమిషాలు ఎంతో తృప్తినిచ్చాయి.

జీమెయిల్‌లో అయిదేళ్లుగా ఇలాగే వాడుతున్నాను. కరెంటు బిల్లు, పిల్లల బడి, ఒక్కో తోకకు ఒక్కో లేబుల్. వెతుకులాట తగ్గింది.

అయితే నాలుగు నెలల తర్వాత అవే ప్లాట్ల మెయిల్ మళ్లీ వచ్చింది, ఈసారి తోక లేకుండా. ప్లస్ నుంచి ఎట్ గుర్తు దాకా చెరిపేస్తే అసలు చిరునామా బయటపడుతుంది, అంతే. కాబట్టి దొరికేది అజాగ్రత్తపరులే. పైగా, తోక ఏ చిరునామా బయటికి పొక్కిందో చెబుతుంది గాని, అమ్మారో దొంగిలించారో చెప్పదు. ఆ మేనేజరు ఒప్పుకోకపోతే నా దగ్గర అనుమానమే మిగిలేది.

నాకు నిజంగా కోపం తెప్పించింది ఫారాలు. ఈమెయిల్ ఎలా ఉండాలో చెప్పే 1982 నాటి ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రకారమే చిరునామాలో ప్లస్ చెల్లుతుంది. ఇప్పటికీ ‘సరైన ఈమెయిల్ ఇవ్వండి’ అని తిప్పికొట్టే సైట్లున్నాయి. ఒక బీమా సైటు నమోదప్పుడు తీసుకుని, లాగిన్ అప్పుడు ఒప్పుకోలేదు. చిరునామా మార్పించడానికి సిరిపురంలోని వారి ఆఫీసుకు రెండుసార్లు తిరిగాను. అప్పటి నుంచి బ్యాంకుకు, బీమాకు తోక లేని చిరునామానే ఇస్తున్నాను. దుకాణాలకు మాత్రం తోక తప్పనిసరి.

సొంత డొమైన్, అంటే ఎట్ గుర్తు తర్వాత తమదే పేరు, ఉన్నవారు దుకాణానికో చిరునామా పెట్టుకోగలరు కాబట్టి వారికి దీని అవసరం ఉండకపోవచ్చు. నాలాగా ఒకే పెట్టెతో నెట్టుకొచ్చేవారికి పనికొస్తుంది. మా అమ్మకు మాత్రం పెట్టలేదు. ఆమె చిరునామాను ఫోనులో చెబుతుంది, అవతలివారు ‘ప్లస్’ను గుర్తుగా కాక అక్షరాలుగా రాసుకుంటున్నారు.